పాల చీటీలో వెన్న, గాలిలో మీథేన్

తెనాలి దాటి కొల్లిపర వైపు వెళ్తే వచ్చే ఊళ్లలో మాదీ ఒకటి. పొద్దున్నే ఐదున్నరకల్లా మా పిన్ని స్టీలు క్యానుతో పాలకేంద్రం దగ్గర ఉంటుంది. అక్కడి కుర్రాడు చిన్న గ్లాసుతో పాలు తీసి మెషీన్ గొట్టం కింద పెడతాడు. నిమిషం తిరక్కుండా చీటీ వస్తుంది. మొన్న నేను ఊరికి వెళ్లినప్పుడు వచ్చిన చీటీ ఇది: పాలు 3.4 లీటర్లు, వెన్న 6.9, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో నీరూ వెన్నా పోగా మిగిలే ఘనపదార్థం) 8.8. పిన్ని చూపు వెన్న అంకె మీదే ఆగింది. "నిన్న ఏడు పాయింటు రెండు వచ్చిందిరా అబ్బాయ్. రాత్రి గడ్డి సరిగా వెయ్యలా, అందుకే తగ్గింది" అంది.

పిన్ని రసాయన శాస్త్రం చదువుకోలేదు. కానీ గడ్డికీ వెన్నకూ ఉన్న లంకె ఆమెకు తెలుసు. ఆ లంకెలోనే మూడో కొస ఒకటి ఉంది. అది గాలిలో కలిసి భూమిని వేడెక్కించే మీథేన్. పాడి లాభం, పర్యావరణం అనే మాటలు ఎప్పుడు వచ్చినా ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడటం అలవాటైపోయింది. ఒకటి పెరిగితే రెండోది తగ్గి తీరాలన్నట్టు! మన గుంటూరు, కృష్ణా జిల్లాల గొడ్లసావిళ్లలో నిలబడి చూస్తే విషయం అంత సూటిగా లేదు. చాలా దూరం ఈ రెండూ ఒకే దారిన నడుస్తాయి. ఒకచోట విడిపోతాయి. ఆ చోటు ఎక్కడో చెప్పాలన్నదే నా ప్రయత్నం.

ముందు వెన్న లెక్క చూద్దాం. గేదె పాలకు ధర కట్టేది ప్రధానంగా వెన్నను బట్టే. కిలో వెన్నకు 800 రూపాయలు ఇస్తున్నారనుకుందాం. 3.4 లీటర్ల పాలు దాదాపు మూడున్నర కిలోలు తూగుతాయి. అందులో 6.9 శాతం అంటే 241 గ్రాముల వెన్న. అంటే ఆ పూటకు 193 రూపాయలు. వెన్న 7.2 ఉండి ఉంటే అవే పాలకు 200 దాటేది. ఏడెనిమిది రూపాయల తేడా. రోజుకు రెండు పూటలు, నెలకు అరవై పూటలు. పిన్ని ఆ అంకె మీద కళ్లు పెట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు గేదె కడుపులోకి వెళ్దాం. గడ్డిలోని పీచును అరిగించుకునే శక్తి గేదెకు సొంతంగా లేదు. మొదటి పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. పెద్ద కాగులో పిండి పులిసినట్టు అక్కడ గడ్డి పులుస్తుంది. పీచు పులిస్తే ఎక్కువగా వచ్చేది ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే. అది రక్తంలో కలిసి పొదుగుకు చేరుతుంది. వెన్నలో పెద్ద భాగాన్ని పొదుగు దానితోనే తయారు చేస్తుంది. గడ్డి తగ్గితే వెన్న తగ్గేది ఇందుకే.

అయితే ఎసిటిక్ ఆమ్లం తయారైన ప్రతిసారీ హైడ్రోజన్ మిగులుతుంది. అది పొట్టలో పేరుకుపోతే పులియడమే ఆగిపోతుంది. అందుకని మరో రకం సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మార్చేస్తాయి. గేదె తీరిగ్గా పడుకుని నెమరువేస్తూ, మధ్యమధ్య తేన్చుతూ దాన్ని బయటికి వదిలేస్తుంది. ఆ గాలి వెనక నుంచి పోతుందని చాలామంది అనుకుంటారు. దాదాపు అంతా నోటి నుంచే పోతుంది.

చిక్కుముడి ఇదే. పిన్నికి చీటీలో డబ్బులు తెచ్చే పనీ, గాలిలోకి మీథేన్ పంపే పనీ ఒకే పొట్టలో ఒకే చర్యకు రెండు కొసలు. ఒక కొస మాత్రమే తెంచి పారేయలేం.

దాణా పెంచితే? మొక్కజొన్న, తవుడు లాంటి పిండి పదార్థాలు పులిసినప్పుడు ప్రొపియోనిక్ ఆమ్లం ఎక్కువ వస్తుంది. అది హైడ్రోజన్‌ను తానే వాడుకుంటుంది కాబట్టి మీథేన్ తగ్గుతుంది. పాలు కూడా పెరగొచ్చు. కానీ పీచు వాటా మరీ తగ్గితే వెన్న పడిపోతుంది. పొట్టలో పులుపు పెరిగి పశువు మేత మానేస్తుంది, గిట్టలు దెబ్బతింటాయి. పైగా ఆ మొక్కజొన్న ఎక్కడో ఒక పొలంలో యూరియా వేసి, నీళ్లు పెట్టి పండించిందే. ఇంట్లో పొగ తగ్గించుకుని పక్కూళ్లో పొయ్యి వెలిగించినట్టు అవుతుంది.

మరో సంగతి రైతులకు ఎవరూ చెప్పరు. మీథేన్ అంటే మండే వాయువు, అంటే శక్తి. గేదె తిన్న మేతలోని మొత్తం శక్తిలో వందకు ఆరేడు పాళ్లు ఇలా తేన్పుల్లోనే పోతుంది. డబ్బు పోసి కొన్న మేతలో ఆ భాగం పాలూ కావట్లేదు, కండా కావట్లేదు. కాబట్టి మీథేన్ తగ్గించడం అనేది పట్నంలో ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ల గొడవ కాదు. అది పిన్ని దాణా బస్తాకు పడ్డ చిల్లు.

తల లెక్క, లీటరు లెక్క

పశుపోషణ మొత్తం కలిపి ప్రపంచంలో మనిషి వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 14.5 శాతానికి కారణమని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో లెక్క కట్టింది. 2023లో వేరే పద్ధతిలో వేసిన లెక్కలో అది 12 శాతంగా తేలింది. వందేళ్ల మీద చూస్తే కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఇరవై ఏళ్ల మీద చూస్తే 80 రెట్ల దాకా వెళ్తుంది. కాకపోతే మీథేన్ గాలిలో ఉండేది పన్నెండేళ్లకు అటూ ఇటూగా. కార్బన్ డయాక్సైడ్‌లా వందల ఏళ్లు పేరుకోదు. అంటే ఒక ఊళ్లో పశువుల సంఖ్య ఏళ్ల తరబడి మారకపోతే, ఆ ఊరి మీథేన్ వేడి కూడా పెద్దగా పెరగదు. సంఖ్య తగ్గితే వేడి త్వరగానే తగ్గుతుంది, పెరిగితే అంతే త్వరగా తెలుస్తుంది. ఈ ఒక్క లక్షణం గుర్తుంటే మిగతా వాదోపవాదాల్లో సగం తేలిపోతాయి. అసలు ప్రశ్న తలల సంఖ్యే.

మన దేశంలో తలలకు తక్కువ లేదు. 2019 పశుగణన ప్రకారం ఆవు జాతి పశువులు 19 కోట్ల పైన, గేదెలు దాదాపు 11 కోట్లు. గేదె ఒక్కోటి ఏడాదికి 55 కిలోల మీథేన్ వదులుతుందని వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల సంఘం, ఐపీసీసీ, 2006లో లెక్కలకు ఇచ్చిన సగటు.

ఈ 55ను పట్టుకుని పిన్ని సావిడి లెక్క వేశాను. ఒక ఈతకు గేదె 1,200 లీటర్ల పాలిస్తుందనుకుందాం. ఈతకూ ఈతకూ మధ్య 18 నెలలు పడితే ఆ కాలంలో అది వదిలే మీథేన్ 82.5 కిలోలు, అంటే లీటరు పాలకు 69 గ్రాములు. అదే గేదె 14 నెలలకే మళ్లీ ఈనితే 64 కిలోలు, లీటరుకు 53 గ్రాములు. కొత్త జాతి తేలేదు, కొత్త మందు వాడలేదు, లీటరుకు నాలుగో వంతుకు దగ్గరగా తగ్గింది. డబ్బు సంగతి? వట్టిపోయిన గేదెకు రోజుకు 120 రూపాయల మేతా దాణా వేసుకుంటే, నాలుగు నెలలకు 14,400 రూపాయలు. గాలికి నష్టం జరిగేదీ, పిన్ని చేతి డబ్బు పోయేదీ ఆ నాలుగు నెలల్లోనే.

మరి గేదె ఆలస్యంగా ఎందుకు ఈనుతుంది? వేసవిలో గేదెలకు మూగ ఎద వస్తుంది. అరవదు, మరో గేదె మీద ఎక్కదు, జిగురు తీగ సరిగా కనపడదు. అదీ ఎక్కువగా రాత్రి పూట. తెల్లారి పనిలో పడిన మనిషి దాన్ని గమనించకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. పొద్దున ఎద కనపడితే సాయంత్రానికి సూది, అంటే కృత్రిమ గర్భధారణ సూది, పడాలి. మొన్న వేసవిలో పిన్ని గమనించి ఫోన్ చేసింది. సూది వేసే మనిషి మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. అప్పటికే పుణ్యకాలం దాటిపోయింది. ఆ తర్వాతి ఎద ఎండల్లో తెలియనే లేదు. రెండు నెలలు అలా పోయాయి. మేతలో ఖనిజ లవణాలు చాలకపోయినా ఎద రాదు. రోజుకు ఓ గుప్పెడు లవణ మిశ్రమం, ఎండవేళ నీడ, ఒంటి మీద నీళ్లు పడితే పరిస్థితి చాలా మారుతుంది. గేదెకు నల్లటి తోలు, చెమట గ్రంథులు తక్కువ. మన దగ్గర మే నెల ఎండ 44 డిగ్రీలు దాటిన రోజుల్లో రేకుల షెడ్డు కింద కట్టేసిన గేదెకు ఎద కాదు కదా, మేత మీదకే మనసు పోదు. సావిడి పక్కన ఒక వేపచెట్టు, ఓ నిద్రగన్నేరు చెట్టు చేసే పని ఇంకేదీ చెయ్యలేదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. నిజాయితీగా ఒప్పుకోవాలి. లీటరు లెక్కలో తగ్గినా, ఆ గేదె ఏడాదికి వదిలేది అదే 55 కిలోలు. గాలికి కావలసింది లీటరు లెక్క కాదు, మొత్తం లెక్క. అవే పాలు తక్కువ తలల నుంచి వస్తేనే మొత్తం తగ్గుతుంది.

పిన్నికి మూడు గేదెలున్నాయి. ఎందుకు మూడు? "రెండే ఉంటే రెండూ ఒకేసారి వట్టిపోతే ఎట్టా? పాలకేంద్రానికి పొయ్యకపోతే పొయ్యకపొయ్యా, ఇంట్లో పసిపిల్లలకు ఎక్కడ తేవాలి?" అని అడిగింది. మూడోది ఆమెకు బీమా లాంటిది. రెండు గేదెలూ వేళకు ఎదకొచ్చి, ఒకదాని తర్వాత ఒకటి ఈనేట్టు ఉంటే ఆ బీమా అక్కర్లేదు. రోజుకు 120 చొప్పున ఒక గేదె ఏడాది మేత దాదాపు 44 వేలు. దాని మీథేన్ ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఈ మధ్య కార్బన్ క్రెడిట్ల మాట, అంటే ఇలాంటి వాయువులు తగ్గించినందుకు వచ్చే డబ్బు మాట, బాగా వినపడుతోంది. టన్నుకు 850 రూపాయలు ఇస్తారనుకున్నా ఏడాదికి 1,300 రావడం గగనం. అందులో కొలిచేవాళ్ల ఖర్చు, మధ్యలోవాళ్ల వాటా పోగా రెండు గేదెల ఇంటికి మిగిలేది ఏముంటుంది? చిన్న రైతు విషయంలో కార్బన్ డబ్బు మీద నాకు ఆశ లేదు. 1,300 కోసం కాకపోయినా 44 వేల కోసం మూడో గేదె తగ్గుతుంది. వేళకు సూది వేసే మనిషి ఊళ్లో ఉంటే చాలు.

గడ్డి ఎక్కడిది

పచ్చిక బయళ్లు అనగానే న్యూజిలాండ్ ఫొటోలు గుర్తొస్తాయి. మన డెల్టాలో అలాంటివి లేవు. ఇక్కడ పచ్చిక అంటే కోసిన వరి మడి, కాలవ గట్టు, చేను గట్టు, రోడ్డు పక్క. మిగతాదంతా వరిగడ్డి. ఇది మన బలమని నేను గట్టిగా నమ్ముతాను. మనిషి తినలేని దాన్ని, లేకపోతే చేలోనే తగలబెట్టే దాన్ని, పాలుగా మారుస్తున్నాం.

బ్రెజిల్‌తో పోలిస్తే ఇది అర్థమవుతుంది. అక్కడ మాంసం కోసం పెంచే ముఖ్యమైన జాతి నెలోర్. పేరులోనే మన నెల్లూరు ఉంది, అది మన ఒంగోలు గిత్తే. 19వ శతాబ్దంలోనే మన తీరం నుంచి వెళ్లింది. అమెజాన్‌లో నరికిన అడవిలో ఎక్కువ భాగం పశువుల పచ్చికగా మారింది. ఆ పచ్చికల్లో మేసేది చాలావరకు ఈ రక్తమే. అదే జాతి ఇక్కడ గుంటూరు పక్కన లాం ఫారంలో పరిశోధకుల సంరక్షణలో ఉంది, ఊళ్లలో వరిగడ్డీ జొన్నచొప్పా తిని నాగలి లాగింది. పశువు ఒకటే. అది తినే గడ్డి ఏ నేల నుంచి వచ్చింది, ఆ నేల మీద అంతకుముందు ఏముంది అన్నది చూస్తేనే పర్యావరణ లెక్క తేలుతుంది.

అయితే వరిగడ్డిలో సారం తక్కువ. మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. ఇసుకలాంటి సిలికా ఎక్కువ. అరగడానికి చాలాసేపు పడుతుంది. అరిగేది తక్కువ, తేన్పులు ఎక్కువ. దీనికి ఒక మంచి విరుగుడు దశాబ్దాలుగా ఉంది, యూరియాతో ఊరవేయడం. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల చిల్లర కాబట్టి నాలుగు కిలోలకు పాతిక రూపాయలు కూడా కావు.

పోయిన సంక్రాంతికి నేనూ పిన్నీ కలిసి చేశాం. సావిడి పక్కన నేల ఊడ్చి టార్పాలిన్ పరిచాం. మోకాలి ఎత్తు గడ్డి పరచడం, బకెట్‌లో కరిగించిన యూరియా నీళ్లు పూలమొక్కలకు పోసే జల్లెడ డబ్బాతో సమంగా చల్లడం, కాళ్లతో తొక్కి గాలి పోగొట్టడం, పైన మరో వరస. ఒకచోట నీళ్లు గుంటకట్టకూడదు. ఆఖరికి ఇంకో టార్పాలిన్ కప్పి, అంచులు మట్టితో మూసేశాం. 21వ రోజు ఒక మూల తీస్తే అమ్మోనియా ఘాటు కళ్లల్లోకి కొట్టింది. గడ్డి బంగారు రంగు నుంచి ముదురు గోధుమ రంగుకు తిరిగింది, చేత్తో పట్టుకుంటే మెత్తగా నలిగింది. రోజూ కావలసినంత తీసి, గంటసేపు గాలికి ఆరబెట్టి వేయాలి. ఆర్నెల్ల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియాను నేరుగా దాణాలోనో కుడితిలోనో కలిపితే మాత్రం విషం. పశువు ప్రాణానికే ప్రమాదం. మొదటిరోజు గేదెలు మూతి తిప్పుకున్నాయి. మూడో రోజుకు తొట్టి నాకేశాయి. ఇలా ఊరిన గడ్డిలో మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి, అరుగుదలా పెరుగుతుంది.

ఇంత చవకైన పద్ధతి మా ఊళ్లో ఎంతమంది చేస్తున్నారు? నేను చూసినంతలో పిన్ని ఒక్కతే. అదీ నేనున్నాను కాబట్టి. ఇద్దరు మనుషుల ఒక పూట పని, రెండు టార్పాలిన్లు, మూడు వారాలు ఆగడం. పాడి చూసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. కూలికి వెళ్లొచ్చి, వంట చేసి, పాలు పిండి, ఆపైన ఈ పని ఎప్పుడు చెయ్యాలి? ఆ ఒక పూట కూలి ఎవరు కట్టిస్తారన్న ప్రశ్నకు జవాబు లేకుండా అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా గడ్డి ఊరదు.

ఇంకో నష్టం మన కళ్ల ముందే జరిగింది. వరి కోతకు ముందు తేమ ఉండగానే చేలో పిల్లిపెసర, జనుము చల్లేవాళ్లు. కోత అయ్యాక మంచుకు పెరిగి సంక్రాంతి దాటాక పచ్చిమేత అందేది. ఒంగోలు గిత్తలు పిల్లిపెసర తినే నిగనిగలాడేవని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. అవి పప్పుజాతి పైర్లు కాబట్టి నేలకు నత్రజని కూడా ఇచ్చేవి. అంటే మరుసటి పంటకు కొంత యూరియా మిగులు. ఇప్పుడు ఆ చేలల్లో మినుము, లేకపోతే దున్నకుండా నాటే మొక్కజొన్న. కౌలు కట్టే రైతు చేతికి డబ్బొచ్చే పంటే వేస్తాడు, అందులో తప్పేమీ లేదు. పైగా కోత మెషీన్ చక్రాల కింద చల్లిన విత్తనం నలిగిపోతుంది. మెషీన్ కోసిన గడ్డి ముక్కలై చేలో చెదిరిపోతుంది. మోపు కట్టించాలంటే మళ్లీ బేలర్ అద్దె. అది ఎందుకులే అని నిప్పు పెట్టేవాళ్లు పెడుతున్నారు. ఒకచోట గడ్డి మండుతుంటే పది కిలోమీటర్ల దూరంలో గడ్డి మోపు కొనలేక గేదె అమ్ముకుంటున్నారు.

గట్ల మీద గడ్డి సంగతి మరీ బాధ. సెంటు భూమి లేని ఆడవాళ్లు గంపా కొడవలీ పట్టుకుని గట్ల మీద గడ్డి కోసుకొచ్చి గేదెను సాకేవాళ్లు. ఇప్పుడు కలుపు తీయించే కూలి ఎక్కువని గట్టు మీద కూడా గడ్డి మందు కొడుతున్నారు. నాలుగు రోజుల్లో గట్టు ఎర్రగా మాడిపోతుంది. మందు కొట్టింది తెలియక కోసుకొచ్చిన గడ్డి తిని పశువు పడిపోతే ఎవరిని అడగాలి? చేను రైతు ఖర్చు తగ్గింది, చేను లేని మనిషి మేత పోయింది. ఆ మందు నీళ్లు కాలవలోకి దిగాయి. ఈ నష్టం ఏ లెక్కలోకీ రాదు.

నేపియర్ రకం గడ్డి వేసుకుంటే తక్కువ జాగాలో బోలెడు మేత వస్తుంది, నిజమే. కానీ దానికి వారం పది రోజులకోసారి తడి కావాలి. కాలవలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో ఆ తడి బోరు నుంచే రావాలి. పది సెంట్లలో వేసుకుని, గట్టు చుట్టూ అవిశ చెట్లు నాటుకుంటే ఆ బరువు మోయొచ్చు. అవిశ ఆకు మాంసకృత్తులున్న మంచి మేత, పెద్దగా నీళ్లు అడగదు. పదెకరాలు నేపియరే వేసి యాభై గేదెల ఫారం పెడితే నీళ్ల లెక్క వేరు.

పల్నాడు మందలు

డెల్టా దాటి పశ్చిమానికి వెళ్తే బొమ్మ మారుతుంది. అక్కడ గొర్రెలు. 2019 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు కోటీ 76 లక్షలు, దేశంలో తెలంగాణ తర్వాత మనదే స్థానం. కొన్న మేత దాదాపు లేకుండా నడిచే పశుపోషణ ఇది. వానాకాలం కొండలు, బీళ్లు. డెల్టాలో కోతలయ్యాక మందలు ఇటు దిగుతాయి. రైతులు రాత్రికి ఇంతని మాట్లాడుకుని తమ పొలంలో మంద కట్టించుకుంటారు. మూడు నాలుగు వందల గొర్రెలు ఒక రాత్రి పడుకుంటే పెంటా మూత్రం నేరుగా నేలలో పడతాయి. ట్రాక్టర్ అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు. ఎరువును కుప్పపోసి కుళ్లబెట్టనవసరం లేదు. రైతు డబ్బిస్తాడు, కాపరికి మేత దొరుకుతుంది, నేలకు బలం వస్తుంది. లాభం, పర్యావరణం రెంటికీ సరిపడే పద్ధతి కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నారు. ఇది మనకు తాతల నాటి నుంచీ ఉంది.

దీనికి దెబ్బ ఎక్కడ తగులుతోందంటే, వాన కురిసిన తొలి వారాల్లో. గడ్డి మొలకెత్తి రెండు మూడు ఆకులు వేయగానే మంద పడితే వేరు బలపడదు. గడ్డి తన వేళ్లలో దాచుకున్న శక్తితోనే మళ్లీ చిగురిస్తుంది. ఆ నిల్వ నిండకముందే పదేపదే కొరికితే మంచి గడ్డి జాతులు చచ్చిపోయి, గొర్రె ముట్టని ముళ్లూ వయ్యారిభామా మిగులుతాయి. నేల బోసిపోయి వాననీటితో మట్టి కొట్టుకుపోతుంది. సొంత బీడు అయితే నాలుగు భాగాలు చేసి ఒకదాన్ని మేపుతూ మిగతా వాటిని విడిచిపెట్టొచ్చు. ఊరుమ్మడి బీడులో నేను నా మందను ఆపితే పక్కవాడి మంద మేస్తుంది. అందుకే ఎవరూ ఆపరు. ప్రతి కాపరికీ ఇంకో పది గొర్రెలు పెంచడం లాభమే. అందరూ పెంచితే బీడు పోతుంది. లాభమూ పర్యావరణమూ విడిపోయే చోటు ఇదే.

పైగా ఉమ్మడి బీడు ఏటేటా చిక్కిపోతోంది. మేత పోరంబోకులు ఆక్రమణల పాలయ్యాయి, పట్టాలయ్యాయి, కట్టడాలయ్యాయి. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి ఊరికి తిరిగి అప్పగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మిగిలిన జాగాను సర్కారు తుమ్మ కమ్మేసింది. దాని కాయలు తియ్యగా ఉంటాయని గొర్రెలు తింటాయి, గింజలు పెంటలో పడి మళ్లీ మొలుస్తాయి. తుమ్మ కింద గడ్డి సరిగా మొలవదు. ఒకే సంఖ్య గొర్రెలు సగం నేల మీద మేయాల్సి వస్తే దాన్ని కాపరి అత్యాశ అనడం అన్యాయం.

సరిగా మేపితే నేల కార్బన్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి మీథేన్ లెక్క చెల్లు అనే వాదన ఒకటుంది. పాడైన బీడు కోలుకునేటప్పుడు కొన్నేళ్లు మట్టిలో కార్బన్ పెరగడం నిజమే. తర్వాత నేల నిండిపోయి ఆ పెరుగుదల ఆగుతుంది. మంద మాత్రం తేన్చుతూనే ఉంటుంది. మట్టి కోసం, నీటి కోసం, గడ్డి కోసం ఆ పద్ధతి తప్పక మంచిది. మీథేన్‌కు చెల్లుచీటీ మాత్రం కాదు.

చీటీలో లేని గడులు

ఇక పెద్ద షెడ్లు. విజయవాడ చుట్టుపక్కల అవి పెరుగుతున్నాయి. ఒక్కో గేదె పాలు ఎక్కువ, లీటరుకు మీథేన్ తక్కువ. కాగితం మీద పిన్ని సావిడి కంటే ఇవే పర్యావరణానికి మేలన్నట్టు కనపడతాయి. పేడ దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. పిన్ని పేడ పిడకలవుతుంది, పెంటకుప్పలో ఎండుతుంది. గాలి తగిలే పొడి పేడ నుంచి మీథేన్ చాలా తక్కువ. షెడ్లో పైపుతో కడిగి గుంటలోకి వదిలిన పేడ నీళ్లలో గాలి ఆడదు. అక్కడ పేడ కూడా గేదె పొట్టలా పులిసి మీథేన్ వదులుతుంది. ఆ గుంట పొంగితే మురుగు పంటకాలవలోకి పోతుంది.

దీనికి గోబర్ గ్యాస్ సరైన జవాబు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు యాభై కిలోల పేడ కావాలి. గ్యాస్ బాగా వస్తే రోజుకు 900 గ్రాముల వంటగ్యాస్‌కు సాటి, అంటే దాదాపు పదహారు రోజులకు ఒక సిలిండర్. బయటికి వచ్చే పేడమడ్డి చేలోకి మంచి ఎరువు. నలభై యాభై గేదెలున్న చోట గోబర్ గ్యాస్ లేకుండా షెడ్డుకు అనుమతి ఇవ్వడం నా దృష్టిలో తప్పు. ఆ ఖర్చు మోయగల వ్యాపారమే అది. రెండు గేదెల ఇంటి మీద ఆ నియమం రుద్దితే అంతకన్నా పెద్ద తప్పు.

మీథేన్ తగ్గించే మేత మందులు కూడా వస్తున్నాయి. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ టానిన్లు అనే వగరు పదార్థాలున్న మొక్కలతో 'హరిత ధార' తయారు చేసింది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఉన్న మేతనే సమతూకంగా కలిపి పెట్టడం నేర్పే కార్యక్రమం నడిపింది. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది. అందులో దాణా ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి రైతు తనంతట తానే పట్టుకుంటాడు.

పాల చీటీలో గడులు నాలుగే. పాలు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, రూపాయలు. పేడ ఎటుపోయిందో, బోరు ఎంత దిగిందో, బీడు ఏమైందో దాంట్లో ఉండదు. విజయవాడలో ప్యాకెట్ చింపి కాఫీ కలుపుకునే మనకూ ఆ గడులు కనపడవు. కనపడని ఖర్చును మోస్తున్నది మాత్రం గడ్డి దొరకని ఆడమనిషీ, బీడు పోయిన కాపరీ, కాలవ చివరి ఊరూ. పాల ధర గురించి మాట్లాడినప్పుడు లీటరుకు రూపాయి పెంచమని అడుగుతాం. ఆ రూపాయితో పాటు ఊరికో సూది వేసే మనిషి, పాలకేంద్రం దగ్గర లవణ మిశ్రమం, అద్దెకు ఒక బేలర్ కూడా అడగాలి. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు.

మొన్న ఊరి నుంచి బయల్దేరేముందు మూడో గేదె మాట మళ్లీ ఎత్తాను. పిన్ని వెంటనే ఏమీ అనలేదు. సావిడి గోడ వైపు చూపించింది. సున్నం గోడ మీద బొగ్గుతో రెండు తేదీలు రాసి ఉన్నాయి. ఒకటి గడ్డి వామి కప్పిన రోజు, ఒకటి నల్లదానికి సూది వేయించిన రోజు. రెండింటికీ ఇరవై ఒక్క రోజులే. "గడ్డి ముందు తీద్దాం. ఇది మళ్లీ ఎదకు రాకపోతే చూడి కట్టినట్టే. అప్పుడు అడుగు" అని పలుపు సరిచేయడానికి లోపలికి వెళ్లింది.